జర్నల్ క్విల్ట్ ఎందుకు ముడతపడుతుంది, ఎలా సరిచేయాలి?

జర్నల్ క్విల్ట్ అంటే డైరీలో పేజీలా చేసుకునే చిన్న బొంత: పైగుడ్డ, మధ్యలో దూదిపొర, అడుగుగుడ్డ కలిపి కుట్టినది. ఇక్కడ చెప్పేది 9×12 అంగుళాలదే అయినా కుట్టు మాత్రం దట్టంగా పడుతుంది. అందుకే పెద్ద బొంతలో కంటికి ఆనని తేడా ఇందులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంచుపట్టీ వేసేటప్పుడు బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం అంతకు ముందే పుట్టినవి.

సమస్య: అంచులు అలల్లా లేస్తున్నాయి

కుట్టు ఒకచోట దట్టంగా, ఇంకోచోట పలచగా ఉండటమే కారణం. మధ్యలో బొమ్మ చుట్టూ పావు అంగుళం ఎడంతో కుట్టి, అంచుల వైపు రెండంగుళాలు ఖాళీగా వదిలేశారనుకోండి. దట్టంగా కుట్టిన చోట గుడ్డ లోపలికి గుంజుకుంటుంది. ఖాళీ చోట వదులు అలాగే మిగిలి పైకి లేస్తుంది. ఇస్త్రీతో ఎంత అదిమినా అది పోదు.

ముందు ఆ ఖాళీలో కూడా అంతే ఎడంతో కుట్టండి. తర్వాత నీళ్లు చల్లి, తడిగా ఉండగానే మందపాటి థర్మాకోల్ షీటు మీద పరచండి. మధ్య నుంచి అంచులకు చేత్తో సర్దుతూ, తుప్పు పట్టని గుండుసూదులు అంగుళానికొకటి గుచ్చండి. పూర్తిగా ఆరే వరకు కదపొద్దు. రంగు దిగే గుడ్డలుంటే తడపకుండా దూరం నుంచి ఆవిరి పట్టించడం మేలు.

9×12కి కోయాల్సింది ఇదంతా అయ్యాకే. అందుకే పైగుడ్డను మొదట్లో 11×14గా, దూదిపొరనూ అడుగుగుడ్డనూ 12×15గా తీసుకోవాలి. ముందే కొలతకు కోసేసిన క్విల్ట్ కుట్టాక కుదించుకుపోతుంది, దాన్ని పెంచే దారి లేదు.

సమస్య: రాసిన అక్షరాలు పాకాయి, లేదా మాయమయ్యాయి

పాకితే సిరా తప్పు, లేదా వదులు నేత తప్పు. గుడ్డకు పనికొచ్చే పిగ్మెంట్ సిరా పెన్ను, దగ్గరి నేత నూలు గుడ్డ వాడండి. పెన్ను ఒకేచోట ఆనించి ఉంచితే అక్కడ చుక్క పరుచుకుంటుంది. గుడ్డ వెనక ఫ్రీజర్ పేపర్‌ను (ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం), మెరిసే వైపు గుడ్డకు తగిలేలా, ఇస్త్రీతో అంటిస్తే రాసేటప్పుడు జరగదు. సిరా ఆరాక కాగితం తీసేసి, ఆవిరి లేని ఇస్త్రీ చేయండి. పొరలు కలపకముందే రాయాలి. తప్పు జరిగినా ఒక్క గుడ్డముక్కతో పోతుంది.

వేడికి చెరిగిపోయే పెన్నుతో రాస్తే ఇస్త్రీ తగలగానే అక్షరాలన్నీ పోతాయి. అది గీతలు గుర్తుపెట్టుకోవడానికే, అదీ జాగ్రత్తగా: బాగా చలి తగిలితే ఆ గీతలు మళ్లీ తేలవచ్చు. నీళ్లకు పోయే నీలం గీతలది ఇంకో రకం ఇబ్బంది. ముందు చన్నీళ్లతో పోగొట్టకుండా ఇస్త్రీ చేస్తే శాశ్వతంగా ఉండిపోతాయి.

సమస్య: అడుగున దారం గుత్తులు గుత్తులుగా చిక్కుకుంటోంది

అందరూ ముందు బాబిన్‌ను అనుమానిస్తారు. నిజానికి చాలాసార్లు పైదారం టెన్షన్ డిస్కుల (దారాన్ని బిగువుగా పట్టే బిళ్లల) మధ్య కూర్చుని ఉండదు. ప్రెషర్ ఫుట్ (గుడ్డను అదిమిపట్టే పాదం) పైకెత్తి దారం మళ్లీ ఎక్కించండి. ఎత్తకపోతే డిస్కులు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి వెళ్లదు. చేత్తో గుడ్డను తిప్పుతూ కుట్టేటప్పుడైతే ఫుట్ దించడం మరిచిపోయారేమో కూడా చూడండి.

సమస్య: అంచుపట్టీ మూల గుండ్రంగా వచ్చింది

రెండుపావు అంగుళాల పట్టీ, మొత్తం 52 అంగుళాల పొడవు సరిపోతుంది. పట్టీని నిలువునా సగానికి మడిచి, పావు అంగుళం లోపలికి కుడుతూ రండి. మూలకు సరిగ్గా పావు అంగుళం ముందు ఆగి దారం తెంపండి. పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, తిరిగి కిందికి దించి, మడతను పై అంచుకు సమానంగా పెట్టి అంచు నుంచే కుట్టు మొదలుపెట్టాలి. చివరిదాకా కుట్టేస్తే మడతకు చోటుండదు.

సమస్య: వేలాడదీస్తే పైభాగం ముందుకు వంగుతోంది

వెనక ఆధారం లేదు. 3 అంగుళాల చతురస్రాలు రెండు కోసి, మూల నుంచి మూలకు త్రికోణంగా మడిచి, అంచుపట్టీ వేసేటప్పుడే వెనక పై మూలల్లో కలిపి కుట్టండి. క్విల్ట్ వెడల్పు కంటే అర అంగుళం పొట్టిగా కోసిన సన్నని కర్రను ఆ రెండు జేబుల్లో దూర్చి, కర్ర నడిమి భాగాన్ని మేకుకు తగిలించండి.