హెచ్-ఇండెక్స్ లెక్కకు ముందు పేరు సరిచేసుకోండి

హెచ్-ఇండెక్స్ 7 అంటే, ఒక్కోదానికి కనీసం 7 సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉదహరింపులు) వచ్చిన పేపర్లు మీకు ఏడున్నాయని. కర్నూలు, కడప, అనంతపురం యూనివర్సిటీల నుంచి మాలిక్యులర్ బయాలజీ పేపర్లు రాసేవాళ్ళకు మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పేపర్లను, సైటేషన్లను లెక్కించే డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. కె. వెంకట రమణారెడ్డి అనే పేరు ఒక జర్నల్లో రెడ్డి కె.వి.ఆర్., ఇంకోదాంట్లో రమణారెడ్డి కె.వి., మరోచోట వెంకట రమణారెడ్డి కె. అని పడుతుంది. అలాంటి డేటాబేసుల్లో ఒకటైన స్కోపస్ దృష్టిలో ముగ్గురు మనుషులు, పేపర్లూ మూడు చోట్ల.

ముందు ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోండి. 2012 నుంచి ఉచితంగా ఇస్తున్నారు, 16 స్థానాలుంటాయి. చివర ఎక్స్ అక్షరం వచ్చినా అది సరైనదే. పేరు ఏ రూపంలో రాయాలో ఒక్కసారి తేల్చుకుని ఇకపై ప్రతి పేపర్లోనూ అదే వాడండి. పాత రూపాలన్నీ ఆర్కిడ్‌లో 'ఇతర పేర్లు' కింద చేర్చండి. తర్వాత స్కోపస్‌లో మీ పేరు అన్ని రూపాల్లోనూ వెతికి, దొరికిన ప్రొఫైళ్ళను ఒకటి చేయమని అక్కడే అభ్యర్థన పెట్టండి. ఊరి పేరుతో వెతికేటప్పుడు కూడా జాగ్రత్త: కడపకు పాత ఇంగ్లీషు స్పెల్లింగు వేరు, అనంతపురానికి రెండు మూడు స్పెల్లింగులున్నాయి. అన్నీ వేసి చూడాలి.

గూగుల్ స్కాలర్‌లో తంటా దీనికి తిరగబడుతుంది. అదే ఇంటిపేరు, అవే ఇనీషియల్స్ ఉన్న వేరేవాళ్ళ పేపర్లు వచ్చి మీ ఖాతాలో కూర్చుంటాయి. అందుకే సెట్టింగుల్లో, కొత్త పేపర్లు తనంతట తాను చేర్చకుండా మెయిల్లో మిమ్మల్ని అడిగే ఎంపిక పెట్టుకోండి. మీవి కానివి తీసేయండి. సెలెక్షన్ కమిటీలో ఎవరైనా ఒక్కటి పట్టుకుంటే మిగతా నిజమైన పేపర్ల మీద కూడా అనుమానం పడుతుంది.

ఇప్పుడు లెక్క. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చండి: 48, 31, 22, 15, 11, 9, 8, 6, 3, 1. ఏడో పేపరుకు 8 ఉన్నాయి, సరిపోయింది. ఎనిమిదోదానికి 6 మాత్రమే, అక్కడ ఆగాలి. హెచ్-ఇండెక్స్ 7. పదీ అంతకు మించీ ఉన్నవి అయిదు, కాబట్టి ఐ10 విలువ 5. అయితే ఆ 3 సైటేషన్ల పేపరు, 6 ఉన్నదాని ప్రీప్రింటే (జర్నల్లో రాకముందు ఆన్‌లైన్‌లో పెట్టిన రూపం) అనుకోండి. స్కాలర్‌లో రెంటికీ టిక్ పెట్టి కలిపితే, ఉదహరించినవాళ్ళు వేర్వేరైతే, 9 అవుతుంది. వరుస మారి హెచ్-ఇండెక్స్ 8కి చేరుతుంది. మొత్తం సైటేషన్లు మాత్రం అదే 154.

సైటేషన్లు పెరగాలంటే ఆ పనిని ఇంకొకరు తమ ల్యాబ్‌లో చేయగలగాలి. మాలిక్యులర్ బయాలజీలో ఇది మరీ నిజం. 1951లో వచ్చిన ప్రోటీన్ కొలిచే పద్ధతి పేపరుకు మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి, ఎందుకంటే దాన్ని చూసి ఎవరైనా చేసుకోగలిగారు. కాబట్టి ప్రైమర్ల (పీసీఆర్‌లో కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కల) వరుసను 5' నుంచి 3' దాకా పూర్తిగా రాయండి, అవి అతుక్కునే అనీలింగ్ ఉష్ణోగ్రత, కాపీ అయ్యే ముక్క అయిన ఆంప్లికాన్ పొడవు ఇవ్వండి. సీక్వెన్సును జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డీఎన్ఏ డేటాబేసులో పెట్టి, అక్కడ దానికిచ్చే ఆక్సెషన్ నంబరును పేపర్లో వేయండి. విడుదల తేదీ వాయిదా పెట్టి ఉంటే, పేపరు అచ్చయ్యాక అది తెరుచుకుందో లేదో చూసుకోండి. నంబరు కొట్టినవాళ్ళకు ఏమీ కనిపించకపోతే మరో సీక్వెన్సు వాడుకుంటారు.

మన నేల సమస్యలకు పాఠకులున్నారు. 2000లో అనంతపురం జిల్లా వేరుశెనగను దెబ్బతీసిన కాండం కుళ్ళుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. వయ్యారిభామ పుప్పొడి, తామరపురుగుల ద్వారా అది పాకుతుంది. అలాంటి పేపరు శీర్షికలో వైరస్ పేరు, పంట పేరు రెండూ ఉండాలి. వెతికేవాళ్ళు ఆ మాటలే కొడతారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల అంకె) జర్నల్‌ది, మీ ఖాతాలో కలపకండి. సొంత పేపర్లకు ఇచ్చుకున్న సైటేషన్లు తీసేసి చూసే వీలు స్కోపస్‌లో ఉంది, ఆ అంకె కూడా రాసి పెట్టుకోండి. స్కాలర్ థీసిస్‌లనూ లెక్కిస్తుంది గనక అక్కడ సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. అందుకే దరఖాస్తులో అంకె పక్కన డేటాబేసు పేరు, చూసిన తేదీ తప్పక వేయండి.