స్టెప్పర్ మోటారు స్వయంగా నేర్చుకుందాం – మూడవ పాఠం: ఒక చుట్టుకు ఎన్ని స్టెప్పులు?

గత రెండు పాఠాలలో 28బీవైజే-48 అనే చిన్న మోటారును యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు (మోటారుకు కావలసిన విద్యుత్తును అందించేది) ద్వారా ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపి, నాలుగు పిన్నులకు సంకేతాలను వరుసగా పంపి, షాఫ్టును రెండు వైపులా తిప్పాము. కేవలం తిరగడమే కావాలంటే మామూలు డీసీ మోటారు చాలు. స్టెప్పర్‌ను ఎంచుకునేది, అది చెప్పినంత మేరకే తిరిగి చెప్పిన చోట ఆగుతుందనే. అయితే తాను ఏ కోణంలో ఉన్నదీ చెప్పే ఏర్పాటు ఈ మోటారులో ఏదీ లేదు. ఎన్ని స్టెప్పులు వేయించామో గుర్తుపెట్టుకునేది మన ప్రోగ్రామే. ఆ లెక్క మొదట్లోనే తప్పితే మోటారు ఎంత నమ్మకంగా తిరిగినా ఫలితం తప్పుతుంది. అందుచేత ఈ పాఠమంతా ఆ లెక్కను సరిచేసుకోవడానికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక ప్రయోగం చేయండి. షాఫ్టు వ్యాసం 5 మి.మీ.; దాని చివర రెండు పక్కలా చదునుగా చెక్కి ఉంటుంది. దానికి పలుచని అట్టతో చేసిన 10 సెం.మీ. పొడవు ముల్లును కదలకుండా బిగించి, వెనుక ఒక కాగితం అతికించి, ముల్లు కొస ఉన్న చోట సన్నని గీత గీయండి. ఇప్పుడు హాఫ్ స్టెప్ పద్ధతిలో (మోటారు లోపలి కాయిల్స్‌కు ఒకసారి ఒకదానికి, ఒకసారి పక్కపక్క రెండింటికి విద్యుత్తునిస్తూ, ఒక్కో స్టెప్పుకు ఫుల్ స్టెప్పులో సగమే తిప్పే పద్ధతి), ఒక్కొక్క స్టెప్పుకూ 2 మిల్లీసెకన్ల వ్యవధినిచ్చి, సరిగ్గా 4096 స్టెప్పులు వేయించండి. ముల్లు ఒక చుట్టు తిరిగి గీతను చేరుతుంది, కాని అక్కడ ఆగదు; దాదాపు 3 మి.మీ. ముందుకు పోయి ఆగుతుంది. మళ్ళీ 4096 వేయిస్తే ఇంకో 3 మి.మీ. ముందుకు పోతుంది. పది చుట్లయ్యేసరికి ముల్లు గీతకు సుమారు 18 డిగ్రీల అవతల ఉంటుంది.

దీనికి కారణం గేర్లలో ఉంది. మోటారు లోపల తిరిగే భాగమైన రోటర్ ఒక పూర్తి చుట్టుకు 32 ఫుల్ స్టెప్పులు, అంటే 64 హాఫ్ స్టెప్పులు తీసుకుంటుంది. 360ని 64తో భాగిస్తే వచ్చే 5.625 డిగ్రీలే మోటారు వివరాల పత్రంలో 5.625/64 అనే రూపంలో కనిపిస్తాయి. అక్కడ కింద ఉన్న 64 గేర్ల నిష్పత్తిని, అంటే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి రోటర్ ఎన్ని చుట్లు తిరగాలో చెబుతుంది. ఈ రెండు 64లను గుణించగా వచ్చినదే మనం వాడిన 4096. అయితే ఆ గేర్ల నిష్పత్తి సరిగ్గా 64 కాదు, దగ్గరి అంకెకు సవరించి రాసినది. ఈ రకం మోటార్లను విప్పి పళ్ళు లెక్కిస్తే సాధారణంగా నాలుగు జతలు కనిపిస్తాయి: 32కు 9, 22కు 11, 26కు 9, 31కు 10. ఈ నాలుగు భిన్నాలను గుణించి సరళం చేస్తే 25792/405, అంటే సుమారు 63.684 వస్తుంది. దానిని 64 హాఫ్ స్టెప్పులతో గుణిస్తే షాఫ్టు ఒక చుట్టుకు 4075.77 స్టెప్పులు చాలునని తేలుతుంది. 4096 వేయించినప్పుడు అదనంగా పడిన ఇరవై చిల్లర స్టెప్పుల విలువ 1.79 డిగ్రీలు, 10 సెం.మీ. ముల్లు కొస దగ్గర అదే 3 మి.మీ.గా కనిపించింది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. ముల్లు తప్పిన చోట ఆగగానే, మోటారు స్టెప్పులు వదిలేస్తున్నదని, అంటే సంకేతం అందినా కదలడం లేదని భావించి డ్రైవర్ బోర్డునో విద్యుత్ సరఫరానో అనుమానించడం సహజం. కాని స్టెప్పులు వదిలేసే మోటారు గీతకు చేరకముందే ఆగుతుంది. పైగా ఆ కొరత ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉంటుంది. గేర్ల నిష్పత్తిని తప్పుగా తీసుకున్నప్పుడు మాత్రం ముల్లు ప్రతిసారీ గీతను దాటి, ప్రతిసారీ అంతే దూరం పోతుంది. వేగాన్ని సగానికి తగ్గించి మళ్ళీ చూడండి: తేడా మారకపోతే లోపం లెక్కలో ఉన్నట్టు, తగ్గితే స్టెప్పులు పోతున్నట్టు. ఈ ఒక్క పరీక్ష తెలిసి ఉంటే, బాగున్న భాగాలను అనవసరంగా మార్చే శ్రమ తప్పుతుంది.

ఈ మోటారును చాలామంది తయారు చేస్తారు. అందరి గేర్లలోనూ పళ్ళ సంఖ్య ఇదేనని అనుకోకుండా, మీ చేతిలో ఉన్నదానిని కొలుచుకోవడమే మంచిది. విప్పనవసరం లేదు. ముల్లును గీత దగ్గర ఉంచి, 50 చుట్లకు సరిపోయేట్టు 2,04,800 హాఫ్ స్టెప్పులు ఒకే దిశలో వేయించండి. 2 మిల్లీసెకన్ల వ్యవధితో దీనికి ఏడు నిమిషాలు పడుతుంది. నిష్పత్తి 63.684 అయితే ముల్లు దాదాపు పావు చుట్టు, అంటే 89 డిగ్రీలు, అదనంగా తిరిగి ఉంటుంది. నిజంగా 64 అయితే గీత మీదనే ఆగుతుంది. ఒక్క చుట్టులో మీ కొలత అర డిగ్రీ తప్పినా ఫలితం సందేహాస్పదమే. 50 చుట్ల మీద అదే అర డిగ్రీని లెక్కచేయనవసరం లేదు. ఇకనుంచి ఈ పాఠంలో 63.684నే తీసుకుంటాను, మీ మోటారు భిన్నంగా ఉంటే అంకెలను మార్చుకోండి, పద్ధతి మారదు.

స్టెప్పుల సంఖ్యను నిల్వచేసే వేరియబుల్ గురించి ఒక హెచ్చరిక. ఊనోలో మామూలు పూర్ణాంక వేరియబుల్ 16 బిట్‌లది. 32,767 దాటగానే అది ఋణసంఖ్యలోకి పడిపోతుంది. మన లెక్కన అది ఎనిమిది చుట్లు పూర్తయిన వెంటనే జరుగుతుంది. ఎనిమిది చుట్ల దాకా చక్కగా నడిచిన యంత్రం ఆ తరువాత ఒక్కసారిగా వెనక్కి పరుగెత్తితే మోటారును నిందించకండి. స్థానాన్ని ఎప్పుడూ 32 బిట్‌ల లాంగ్ రకపు వేరియబుల్‌లోనే ఉంచాలి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. మోటారు 4075.77 స్టెప్పులు వేయలేదు, దానికి పూర్ణ సంఖ్యలే తెలుసు. ఒక చుట్టును పన్నెండు సమభాగాలు చేసి, ఒక్కొక్క భాగం దగ్గర కొంతసేపు ఆగే తిరుగుడు బల్లను తయారు చేస్తున్నామనుకుందాం. ఒక భాగానికి 339.648 స్టెప్పులు రావాలి. దీనిని 340 అని సవరించి ప్రతిసారీ 340 వేయిస్తే ఒక చుట్టుకు 4080 అవుతాయి. అంటే చుట్టుకు నాలుగు స్టెప్పులకు పైగా ఎక్కువ. మొదటి చుట్టులో ఆ తేడా 0.37 డిగ్రీలే కనుక కంటికి ఆనదు. వంద చుట్లు తిరిగేసరికి అది 37 డిగ్రీలు అవుతుంది. అప్పటికి బల్ల ఒక భాగాన్ని పూర్తిగా దాటి పక్క భాగంలో ఆగుతూ ఉంటుంది.

కదలిక కదలికకూ సవరించడమే ఇక్కడి దోషం. మిగిలిపోయిన భిన్నాన్ని పారేయకుండా తరువాతి కదలికకు అందించాలి. దీనికి దశాంశ సంఖ్యలు అక్కరలేదు; ఊనోలో వాటి ఖచ్చితత్వం ఆరేడు అంకెల వరకే కనుక, దీర్ఘకాలం నడిచే పనికి వాటిని వాడకపోవడమే మేలు. పూర్ణాంకాలతోనే ఇలా చేయవచ్చు. ఒక చుట్టుకు స్టెప్పులు 1650688/405. పన్నెండు భాగాలు చేస్తే ఒక భాగానికి 1650688/4860. భాగహారం చేస్తే 339 వచ్చి, శేషం 3148 మిగులుతుంది. అంటే ప్రతి భాగానికీ 339 స్టెప్పులు తప్పనిసరిగా వేయాలి. శేషాన్ని ఒక వేరియబుల్‌లో కూడబెట్టుకుంటూ పోయి, అది 4860కి చేరినా దాటినా అందులోంచి 4860 తీసేసి ఒక స్టెప్పు అదనంగా వేయాలి. ఆ వేరియబుల్‌ను సున్నా దగ్గర కాక 4860లో సగమైన 2430 దగ్గర మొదలుపెడితే, బల్ల ఎప్పుడూ అసలు స్థానానికి అర స్టెప్పుకు మించి దూరం కాదు.

కాగితం మీద ఒకసారి చేసి చూడండి. మొదటి భాగానికి 2430కి 3148 కలిపితే 5578. ఇది 4860ని దాటింది కనుక 340 స్టెప్పులు వేసి 718 మిగుల్చుకుంటాము. రెండవ భాగానికి 718 ప్లస్ 3148, మొత్తం 3866. దాటలేదు కనుక 339. మూడవ భాగానికి 7014 వస్తుంది కనుక 340, మిగులు 2154. నాలుగవ భాగానికి 5302 కనుక 340, మిగులు 442. ఐదవ భాగానికి 3590 కనుక 339. ఇలా 340, 339, 340, 340, 339 అంటూ సాగే వరుసలో తేడా పేరుకుపోదు. సరిగ్గా 405 చుట్లు పూర్తయ్యేసరికి స్టెప్పుల మొత్తం 1650688 అవుతుంది, వేరియబుల్ మళ్ళీ 2430 దగ్గరికే వస్తుంది. ఈ అమరిక నాకు ఎంతో ఇష్టమైనది. ఎన్నాళ్ళు నడిపినా తప్పు పెరగని లెక్కను, అదీ రెండు కూడికలతో ఒక పోలికతో, ఇంత చిన్న మైక్రోకంట్రోలర్ మీద చేయగలుగుతున్నాము.

లెక్క సరిపోయాక, ఆ లెక్కకూ కాయిల్స్‌కు పంపే సంకేతాలకూ మధ్య పొత్తు తప్పకుండా చూడాలి. డ్రైవర్ బోర్డు మీది నాలుగు ఇన్‌పుట్‌లు వరుసగా నీలం, గులాబీ, పసుపు, నారింజ తీగలను నడిపిస్తాయి. ఎర్ర తీగ ఉమ్మడి 5 వోల్టుల తీగ. హాఫ్ స్టెప్ వరుస ఇది (ఒక్కో అంకె ఒక్కో ఇన్‌పుట్‌కు; 1 అంటే ఆన్, 0 అంటే ఆఫ్): 1000, 1100, 0100, 0110, 0010, 0011, 0001, 1001. ఎనిమిదవ దాని తరువాత మళ్ళీ మొదటిదే వస్తుంది. వెనక్కి తిప్పాలంటే వరుసను తిరగేసి చదివితే చాలు. ఆర్డుయినోతో వచ్చే స్టెప్పర్ లైబ్రరీ (ముందే రాసి ఉంచిన ప్రోగ్రాము) వాడే వరుస వేరు కనుక, దానికి పిన్నులను ఒకటి, మూడు, రెండు, నాలుగు అనే క్రమంలో చెప్పాలి. లేకపోతే మోటారు తిరగకుండా వణుకుతూ ఉండిపోతుంది. పైగా ఆ లైబ్రరీ ఫుల్ స్టెప్పులే వేయిస్తుంది కాబట్టి, దానితో పనిచేసేటప్పుడు మన అంకెలన్నీ సగమవుతాయి: చుట్టుకు 2037.89.

సొంతంగా రాసే ప్రోగ్రాములో చాలామంది ప్రతి కదలికనూ 1000 నుంచే మొదలుపెడతారు. కిందటిసారి మోటారు 0010 దగ్గర ఆగి ఉంటే, వరుసను 1000 నుంచి మొదలుపెట్టినప్పుడు రోటర్ ఏదో ఒక వైపు దూకవచ్చు. లెక్కలోకి రాని కొన్ని స్టెప్పులు అక్కడే చేరతాయి, లేదా పోతాయి. దీనికి ప్రత్యేకమైన జ్ఞాపకమేదీ అవసరం లేదు. స్థానాన్ని తెలిపే సంఖ్యను 8తో భాగించగా వచ్చే శేషాన్నే వరుస సంఖ్యగా వాడండి. అప్పుడు లెక్క, కాయిల్స్ స్థితి ఎప్పటికీ విడిపోవు. ఋణ సంఖ్యలకు శేషం కూడా ఋణంగా వస్తుంది కనుక, స్థానాన్ని 7తో బిట్‌వైజ్ యాండ్ (చివరి మూడు బిట్‌లను మాత్రమే ఉంచే & గుర్తు) చేయడం ఇంకా సురక్షితం.

ఆగి ఉన్నప్పుడు కాయిల్స్‌లో విద్యుత్తును ఆపివేయడం మంచి అలవాటే. ఆపకపోతే మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. తేలికపాటి బరువును గేర్లే పట్టి ఉంచుతాయి. అయితే తిరిగి మొదలుపెట్టేటప్పుడు, ముందుగా ఆపినప్పటి సంకేతాన్నే మళ్ళీ ఇచ్చి, 10 మిల్లీసెకన్లు ఆగి, ఆ తరువాతే అడుగు ముందుకు వేయించాలి. రోటర్ కొద్దిగా పక్కకు జరిగి ఉంటే ఆ వ్యవధిలో తన చోటికి వస్తుంది.

స్టెప్పులు పోకుండా ఉండాలంటే వేగం హద్దులో ఉండాలి. ఆగి ఉన్న స్థితి నుంచి నేరుగా సెకనుకు 500 హాఫ్ స్టెప్పుల దగ్గర మొదలుపెడితే సాధారణంగా ఇబ్బంది రాదు. అంతకంటే వేగం కావాలంటే వ్యవధిని క్రమంగా తగ్గిస్తూ వేగాన్ని పెంచుకోవాలి. యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది. యూఎల్‌ఎన్2003లోని ట్రాన్సిస్టర్లు దాదాపు ఒక వోల్టును తామే తినేస్తాయి కనుక 5 వోల్టులు ఇచ్చినా కాయిల్‌కు చేరేది నాలుగే. సరఫరా బలహీనంగా ఉంటే ఇంకా తగ్గుతుంది. సరఫరా ఇంకో చోటి నుంచి తీసుకుని, గ్రౌండ్ మాత్రం ఆర్డుయినోతో ఉమ్మడిగా ఉంచాలని మొదటి పాఠంలో చెప్పినది ఇక్కడ మరింత ముఖ్యమవుతుంది.

చివరిది గేర్ల మధ్య ఉండే వదులు. షాఫ్టును వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ కదిపితే, రోటర్ కదలకుండానే ముల్లు కొంత ఊగడం మీకు కనిపిస్తుంది. దిశ మారినప్పుడల్లా మొదటి కొన్ని స్టెప్పులు ఈ వదులును నింపడానికే ఖర్చవుతాయి. దీనిని లెక్కలో సవరించే ప్రయత్నం కంటే, ప్రతి స్థానానికీ ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరడం ఎంతో నమ్మదగినది. వెనక్కి వెళ్ళవలసి వస్తే గమ్యాన్ని 60 స్టెప్పులు, అంటే ఐదు డిగ్రీలకు కొంచెం ఎక్కువ, దాటిపోయి మళ్ళీ ముందుకు రండి. మీ మోటారులో వదులు అంతకంటే ఎక్కువగా ఉంటే ఆ సంఖ్యను పెంచుకోండి.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేసి ఉంచండి. 50 చుట్ల పరీక్షను రెండు దిశలలోనూ చేసి, ముల్లు ఆగిన కోణాలను రాసి పెట్టుకోండి. తరువాత పన్నెండు భాగాల బల్ల ప్రోగ్రామును పైన చెప్పిన శేషం పద్ధతిలో రాసి, ఒక్కొక్క కదలికకు వేసిన స్టెప్పులను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలను కంప్యూటర్ తెరపై చూపే కిటికీలో) చూడండి. మొదటి ఐదూ 340, 339, 340, 340, 339గా రావాలి. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు ఈ లెక్క అంతా చెరిగిపోతుంది కనుక, యంత్రం తన మొదటి స్థానాన్ని తానే వెతుక్కోవడం నాలుగవ పాఠంలో నేర్చుకుందాం. దానికి పొడుగు మీట ఉన్న ఒక మైక్రో స్విచ్ కావాలి.