పాత ఫైర్‌ఫాక్స్, కొత్త ఫైర్‌ఫాక్స్ ఒకే కంప్యూటర్లో: మార్చి హడావుడికి ముందే చూసుకోవలసినవి

మార్చి దగ్గరపడితే విశాఖలో చిన్న ఆఫీసులకు ఊపిరాడదు. డాబాగార్డెన్స్‌లో ఆడిటర్లు, పోర్టు చుట్టుపక్కల క్లియరింగ్ ఏజెంట్లు, గాజువాకలో కాంట్రాక్టర్లు, అందరికీ ఒకటే తొందర. సరిగ్గా అప్పుడే ఆఫీసులోని పాత సాఫ్ట్‌వేర్ ఏదో కొత్త బ్రౌజర్లో తెరుచుకోనని మొరాయిస్తుంది. "పాత వెర్షన్ కూడా ఒకటి వేసేయ్ బాబూ" అంటారు. వెయ్యొచ్చు. కానీ ఫిబ్రవరిలోనే, తీరిగ్గా వేసుకోండి.

ముందు, పాతది నిజంగా అవసరమా అన్నది తేల్చుకోండి. సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటుంటే, పాత ఎక్స్‌ప్లోరర్ కోసం వెతకక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2022 జూన్ 15న ఆపేసింది. వాళ్ళ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లోనే, పాత ఎక్స్‌ప్లోరర్‌లా పనిచేసే ఐఈ మోడ్ ఉంది, కనీసం 2029 దాకా ఉంచుతామన్నారు. మీరు సెట్టింగ్స్‌లో చేర్చిన పేజీ 30 రోజులకు జాబితాలోంచి పోతుంది, మళ్ళీ చేర్చుకోవాలి. పాత పేజీల్లో బొమ్మలు, వీడియోలు నడిపిన ఫ్లాష్ కోసమైతే మాత్రం ఆశ వదులుకోండి. దాని కథ 2020 డిసెంబరు 31తో ముగిసింది.

పాత ఫైర్‌ఫాక్స్ అవసరమే అనుకుంటే, అసలు గండం ప్రొఫైల్ అనే ఫోల్డర్ దగ్గరుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, ఆ ఒర ఇదే. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఆ ఫోల్డర్లోనే ఉంటాయి. కొత్త వెర్షన్ అందులోని ఫైళ్ళను తన పద్ధతికి మార్చుకుంటుంది. ఆ మార్పులు పాతదానికి అర్థం కావు. అర్థం కాకపోయినా రాయడం మాత్రం మానదు, అక్కడే కొంప మునుగుతుంది. 2019 మేలో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్ ఇస్తున్నారు. కొత్తది వాడిన ప్రొఫైల్‌ను పాతదానితో తెరవబోతే, కొత్త ప్రొఫైల్ చేసుకుంటారా, బయటికెళ్తారా అని అడుగుతుంది. జావా ప్లగిన్ కోసం కొందరు ఇంకా దాచుకున్న 52 లాంటి వెర్షన్లకు ఈ కాపలా లేదు. వాటి విషయంలో జాగ్రత్త మీదే.

ద్వారకానగర్లో ఒక ఆఫీసు నుంచి ఒకసారి పొద్దున్నే ఫోను: "ఏటి బాబూ, బుక్‌మార్కులన్నీ ఎటెళ్ళిపోనాయి?" ఎటూ వెళ్ళలేదు. రెండో వెర్షన్ తన ఖాళీ ప్రొఫైల్‌తో తెరుచుకుంది, అంతే. కంగారులో ఆయన పాతదాన్నీ కొత్తదాన్నీ తీసేసి, మిగిలిన ఫోల్డర్లు కూడా చెరిపేశాడు. అప్పుడు నిజంగానే పోయాయి. కాబట్టి ఏం కనిపించకపోయినా ముందు అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో అబౌట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ప్రొఫైల్స్ అని కొట్టండి. ఉన్న ప్రొఫైళ్ళన్నీ ఆ పేజీలో కనిపిస్తాయి.

పని మొదలుపెట్టే ముందు బ్రౌజర్ పూర్తిగా మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పాస్‌వర్డ్‌ల ఫైలు ఒక్కటే తీసుకుంటే లాభం లేదు. దాని తాళంచెవి కీ4 అనే వేరే ఫైల్లో ఉంటుంది, రెండూ కలిసి ఉండాలి. ఆ పెన్‌డ్రైవ్ అదే టేబుల్ మీద పడేయకండి. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, వేరే చెప్పాలా?

పాతదాన్ని మొజిల్లా సొంత ఆర్కైవ్ నుంచే దించుకోండి. వేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని వేరే ఫోల్డర్ చూపించండి, లేకపోతే ఉన్నదాని మీదే కూర్చుంటుంది. మొదటిసారి తెరిచేటప్పుడు వైఫై ఆపండి. ఆపకపోతే టీ తాగి వచ్చేలోగా తనంతట తానే కొత్తదిగా మారిపోతుంది. 60 నుంచి పై వెర్షన్లకైతే అప్‌డేట్ ఆపే పాలసీ ఫైలు పెట్టి, అంతకు పాతవాటికైతే సెట్టింగ్స్‌లోనే అప్‌డేట్ ఆపి, ఆ తర్వాతే నెట్ ఇవ్వండి. తర్వాత షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో, టార్గెట్ చివర ఒక ఖాళీ, హైఫన్, పెద్ద పి, మళ్ళీ ఒక ఖాళీ ఇచ్చి ప్రొఫైల్ పేరు రాయండి. ఐకాన్ కూడా మార్చండి. రెండు నక్క బొమ్మలు ఒకేలా ఉంటే ఎవరైనా పొరబడతారు.

క్రోమ్‌కైతే ఇంత తంటా లేదు. బీటా, డెవ్, కానరీ అనే దాని పరీక్షా రకాలు వేటికవే వేరుగా కూర్చుంటాయి. అప్‌డేట్ కాకుండా ఒకే వెర్షన్ కావాలంటే క్రోమ్ ఫర్ టెస్టింగ్ ఉంది.

పాత వెర్షన్‌ను డిఫాల్ట్ చేయకండి. చేస్తే మెయిల్లో వచ్చే ప్రతి లింకూ భద్రతా లోపాలు పూడ్చని దాంట్లోనే తెరుచుకుంటుంది. బ్యాంకు పని, టెండరు పని అందులో వద్దు. అది తెరిచినంతసేపూ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తీసి డ్రాయర్లో పెట్టండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్లతో కలిపే సింక్‌లో లాగిన్ అవ్వకండి. ఇంకొకటి: 2025 మార్చి 14న ఎక్స్‌టెన్షన్లు అసలువేనా అని ఫైర్‌ఫాక్స్ సరిచూసుకునే ఒక రూట్ సర్టిఫికెట్ గడువు తీరడంతో, 128 కంటే పాత వెర్షన్లలో ఎక్స్‌టెన్షన్లు పనిచేయకుండా పోవచ్చు (ఎక్కువ కాలం మద్దతు ఉండే ఈఎస్ఆర్ రకంలో 115.13 నుంచి ఫరవాలేదు). మీ పని ఎక్స్‌టెన్షన్ మీద ఆధారపడితే ఇప్పుడే నడిపి చూడండి.

ఏప్రిల్లో పాతది తీసేసేటప్పుడు జాబితాలో రెండు ఫైర్‌ఫాక్స్‌లు కనిపిస్తాయి. వెర్షన్ అంకె చదివి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి.