విండోస్ కంప్యూటర్‌కు ఇంటి పాటల సర్వర్ అందనప్పుడు

క్యాసెట్ల నుంచీ సీడీల నుంచీ ఏళ్ల తరబడి మార్చుకున్న పాటలన్నింటినీ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టి, దాన్ని రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌కు తగిలించి, ఇంట్లో ఎవరైనా వినేలా నెట్‌వర్క్‌లో పంచుకునే ఏర్పాటు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఇందులో విండోస్‌తో మాట్లాడే పనిని సాధారణంగా సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ పేరుకూ మన సాంబశివుడికీ సంబంధం లేదు. విండోస్ ఫైళ్లను పంచుకునే పద్ధతి పేరైన ఎస్‌ఎంబీలోని మూడు అక్షరాలూ ఇమిడే మాట కోసం వెతికితే దొరికిన పేరు అది. నిన్నటి దాకా చక్కగా తెరుచుకున్న పాటల ఫోల్డర్ ఈ రోజు ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను. నా ఇంటి ఏర్పాటు ఇదే కాబట్టి దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. దుకాణంలో కొన్న నాస్ పెట్టెకు (ఫైళ్లను నెట్‌వర్క్‌లో పంచే డిస్క్ పెట్టెకు) కూడా ఇందులో ఎక్కువ భాగం వర్తిస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది, సర్వర్ కనిపించడం లేదా, లేక అసలు అందడమే లేదా అన్నది. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అన్న చోట సర్వర్ పేరు లేనంత మాత్రాన సర్వర్ ఆగిపోయిందని అర్థం కాదు. రూటర్ పేజీలోకి వెళ్లి, ప్రస్తుతం కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో సర్వర్ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే అంకెల వరుస) ఏమిటో చూడండి. అది 192.168.1.20 అనుకుందాం. కీబోర్డ్‌పై విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో \\192.168.1.20 అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. పాటల ఫోల్డర్ తెరుచుకుంటే సర్వర్ క్షేమంగా ఉన్నట్టే, పోయింది దాని పేరును వెతికిపట్టే ఏర్పాటు మాత్రమే.

ఆ ఏర్పాటు ఎందుకు పోతుందో తెలిస్తే తప్పుడు సలహాల జోలికి వెళ్లరు. పూర్వం నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల జాబితాను తయారుచేసే పని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌తో ముడిపడి ఉండేది. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ఆ పాత వెర్షన్‌లోని లోపం గుండానే ప్రపంచమంతటా వ్యాపించింది. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లో ఆ పాత వెర్షన్ ముందుగా అమర్చి ఉండడం లేదు. దానితోపాటే పాత జాబితా పద్ధతి కూడా పోయింది. చాలామంది ఇప్పటికీ విండోస్ ఫీచర్లలోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1 ను మళ్లీ ఆన్ చేయమని చెబుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక పేరు తెర మీద కనబడడం కోసం ఇంటి కంప్యూటర్ తలుపు తీసి పెట్టడం అవసరం లేదు.

దానికి బదులు ఇప్పటి విండోస్ వాడే డబ్ల్యూఎస్-డిస్కవరీ పద్ధతిని సర్వర్‌కు నేర్పించాలి. లైనక్స్ (రాస్ప్‌బెర్రీ పై వంటివాటిలో సాధారణంగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. కొత్త నాస్ పెట్టెల్లో ఇది సెట్టింగ్‌గానే ఉంటుంది. విండోస్ వైపు సెట్టింగ్స్‌లో మీ వైఫై లక్షణాలు తెరిచి, నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. సర్వీసెస్ జాబితాలో ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్ నడుస్తున్నదో లేదో కూడా చూడండి. ఇవన్నీ సరిగా ఉన్నా పేరు కనిపించడానికి ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది.

నిజానికి జాబితాను నమ్ముకోవడం కంటే, రూటర్‌లో సర్వర్‌కు ఆ ఐపీ చిరునామాను శాశ్వతంగా కేటాయించి, ఆ చిరునామాతోనే ఫోల్డర్‌ను Z: వంటి ఒక డ్రైవ్ అక్షరానికి మ్యాప్ చేసుకోవడం (జతచేసుకోవడం) మేలని నా అభిప్రాయం.

చిరునామా కొట్టినా తెరుచుకోకపోతే, రెండు పరికరాలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నది చూడాలి. మన ఇళ్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఒకటి ఉంటుంది. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని మనం కొన్న రూటర్ ఇంకొకటి ఉంటుంది. జియోఫైబర్ పెట్టె సాధారణంగా 192.168.29 తో మొదలయ్యే చిరునామాలను ఇస్తే, మన రూటర్ 192.168.0 తోనో 192.168.1 తోనో మొదలయ్యేవి ఇస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి మీ ల్యాప్‌టాప్ చిరునామాను సర్వర్ చిరునామాతో పోల్చండి. ఇంటి నెట్‌వర్క్‌లలో మొదటి మూడు అంకెల గుంపులూ మామూలుగా ఒకటే కావాలి. అవి వేరైతే రెండో రూటర్ దానంతట అది మరో నెట్‌వర్క్‌ను సృష్టించిందని అర్థం. లోపలి రూటర్ వెనుక ఉన్న సర్వర్‌ను బయటి పెట్టెకు కనెక్ట్ అయిన ల్యాప్‌టాప్ చేరలేదు. దీనికి సరైన పరిష్కారం ఆ రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు, అంటే సొంత నెట్‌వర్క్ సృష్టించకుండా సిగ్నల్ మాత్రమే పంచే పద్ధతికి, మార్చడమే. నేను ఈ సంగతి గమనించక, ఏ తప్పూ లేని సాంబా సెట్టింగులను రెండు సాయంత్రాలు తిరగరాశాను. మీకు ఆ శ్రమ తప్పాలని ఇంత వివరంగా చెబుతున్నాను. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఉన్నా, ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇదే ఫలితం ఉండవచ్చు.

నెట్‌వర్క్ ఒకటే అయితే సర్వర్ చిరునామాకు పింగ్ కొట్టండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ping అని, పక్కనే ఆ చిరునామా టైప్ చేయండి. జవాబు రాకపోతే కరెంటు, కేబుల్, వైఫై చూడాలి. జవాబు వచ్చినా ఫోల్డర్ తెరుచుకోకపోతే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌తో 445 పోర్టును (ఒక్కో సేవకు కంప్యూటర్ కేటాయించే సంఖ్య గల ద్వారాన్ని) పరీక్షించండి, ఎందుకంటే ఎస్‌ఎంబీ నడిచేది ఆ పోర్టు మీదే. చివరి వరుసలో ఫాల్స్ అని వస్తే, సర్వర్‌లో సాంబా ఆగిపోయి ఉండాలి, లేదా సర్వర్ ఫైర్‌వాల్ అయినా ల్యాప్‌టాప్‌లోని యాంటీవైరస్ అయినా దారిని అడ్డగిస్తూ ఉండాలి. ట్రూ అని వస్తే దారి బాగానే ఉంది, అడ్డు పడుతున్నది లాగిన్.

లాగిన్ విషయంలో తెలియక అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. లైనక్స్‌లో మీ యూజర్‌కు ఉన్న పాస్‌వర్డ్ సాంబాకు తెలియదు. సాంబా తన పాస్‌వర్డ్‌ల పట్టికను విడిగా ఉంచుకుంటుంది కాబట్టి, smbpasswd కమాండ్‌తో అదే యూజర్‌ను అక్కడ కూడా చేర్చవలసి ఉంటుంది. విండోస్ అడిగే చోట ల్యాప్‌టాప్ పిన్ నంబరును ఇస్తే పని జరగదు. యూజర్ పేరుకు ముందు సర్వర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్ చేర్చి ఇవ్వడం మంచిది. లేకపోతే విండోస్ మీ ల్యాప్‌టాప్ ఖాతా పేరునే పంపవచ్చు.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచే ఫోల్డర్లు 2024 లో విండోస్ 11 కు 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక చాలామందికి మూసుకుపోయాయి. ప్రో ఎడిషన్‌లో గెస్ట్ ప్రవేశాన్ని ఆపివేసి, ఎస్‌ఎంబీ సంభాషణకు డిజిటల్ సంతకాన్ని తప్పనిసరి చేయడమే దీనికి కారణం. మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయన్న సందేశం సొంత ఇంట్లో కనబడితే కంగారు పడనవసరం లేదు. విండోస్ నియమాన్ని సడలించే బదులు, సర్వర్‌లో పాటలు చదవడానికి మాత్రమే హక్కున్న ఒక యూజర్‌ను సృష్టించి, మంచి పాస్‌వర్డ్ పెట్టండి. అయిదు నిమిషాల పని.

పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా నిరాకరిస్తుంటే కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, ఆ సర్వర్ పేరున దాచి ఉన్న పాత వివరాలను తొలగించండి. ఒకే సర్వర్‌కు ఇద్దరు యూజర్ల పేర్లతో ఒకేసారి కనెక్ట్ కాలేరన్న సందేశం వస్తే, పాత మ్యాపింగులను తెంచివేసి, లాగౌట్ అయి మళ్లీ రండి.

ఫోల్డర్ తెరుచుకుంది కానీ లోపల ఏమీ లేదంటే పాటలు పోయాయని భయపడకండి. చాలాసార్లు సర్వర్ తిరిగి ఆన్ అయినప్పుడు డిస్క్ మౌంట్ కాక (సిస్టమ్‌కు జతపడక), అది ఉండవలసిన ఖాళీ డైరెక్టరీ మాత్రమే కనిపిస్తుంది. పెద్ద డిస్క్‌కు రాస్ప్‌బెర్రీ పై యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలకపోవచ్చు కాబట్టి, డిస్క్‌కు విడిగా అడాప్టర్ ఉంటే నిశ్చింత. కొన్ని పాటల పేర్లు మాత్రమే అర్థంకాని పొట్టి అక్షరాలుగా మారితే, ఆ పేర్లలో కోలన్ గానీ ప్రశ్నార్థకం గానీ ఉన్నదేమో చూడండి. లైనక్స్ వాటిని ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు, అందుకే సాంబా వేరే పేరు కల్పించి చూపుతుంది. తెలుగులో రాసిన పేర్లకు ఇలాంటి ఇబ్బంది లేదు. యూనికోడ్‌లో ఉన్నంత వరకు పాట పేరునూ గాయకుడి పేరునూ నిస్సంకోచంగా తెలుగులోనే పెట్టుకోండి. అయితే ఫోల్డర్ల పేర్లన్నీ కలిపిన మొత్తం దారి 260 అక్షరాలు దాటితే కొన్ని ప్రోగ్రాములు ఆ ఫైలును తెరవలేవు. తెలుగు గుణింతాలూ ఒత్తులూ ఒక్కొక్కటీ విడిగా లెక్కకు వస్తాయి కనుక ఆ హద్దు అనుకున్నదానికంటే ముందే వస్తుంది.

జెల్లీఫిన్ లేదా లిరియన్ వంటి సాఫ్ట్‌వేర్ ద్వారా బ్రౌజర్‌లో వినేవారు చిరునామా తరువాత పోర్టు సంఖ్యను మరువకూడదు. జెల్లీఫిన్‌కు అది మామూలుగా 8096, లిరియన్‌కు 9000. బ్రౌజర్ తనంతట తాను సురక్షిత పద్ధతికి మారి పేజీ తెరవలేకపోతే, చిరునామా ముందు http:// అని స్వయంగా టైప్ చేయండి.

అన్నీ కుదిరాక కూడా, ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే నెట్‌వర్క్ డ్రైవ్‌లన్నింటినీ కలపలేకపోయామని విండోస్ చెప్పవచ్చు. వైఫై కలవకముందే అది డ్రైవ్ కోసం వెతకడం వల్ల అలా జరుగుతుంది. అర నిమిషం ఆగి, డ్రైవ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే, నిద్రలో ఉన్న డిస్క్ తిరగడం మొదలుపెట్టి పాటల జాబితా తెరుచుకుంటుంది.