డౌట్ అడగడం ఎలా, చెప్పడం ఎలా: టెన్త్ ఫ్రెండ్స్‌కి

"రేయ్, ఏడో లెక్క ఎవరికైనా వచ్చిందా?" అని గ్రూపులో పడేస్తే అవతలివాడు తన నోట్సు ఫోటో తీసి పంపేస్తాడు, నువ్వు దించేసుకుంటావు, తీరా పరీక్షలో అంకెలు మారిస్తే కథ మళ్ళీ మొదటికే. కాబట్టి ప్రశ్నతోపాటు నువ్వు చేసినంతవరకు ఉన్న పేజీ కూడా పెట్టు, ఆగిపోయిన లైనుకి పెన్సిల్‌తో సున్నా చుట్టు. తప్పుగా ఉన్నా కొట్టేయకు, అసలు కావాల్సింది ఆ తప్పే.

చెప్పేవాడివి నువ్వైతే మొత్తం చేసిపెట్టకు. ఫిజిక్స్‌లో కుంభాకార కటకం లెక్క ఉందనుకో, నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో. మనవాడికి ప్రతిబింబ దూరం 12 వచ్చిందంటే సూత్రం వాడికి వచ్చు, వస్తుదూరానికి మైనస్ పెట్టలేదు, అంతే. "వస్తుదూరం గుర్తు చూడు" అని ఊరుకో, 60 వాడే తెచ్చుకుంటాడు. తర్వాత వస్తువుని 60 దగ్గర పెట్టి చెయ్యమను. ఈసారి 30 వచ్చిందంటే అర్థమైనట్టే. "అర్థమైందా?" అని అడిగితే మాత్రం ఎవడైనా అయిందనే అంటాడు!

తెలుగులో ఎక్కువ గొడవ ఛందస్సు దగ్గరే. పద్యం "సత్యము" అని మొదలైతే త్య ముందున్న స గురువు, అంటే భగణం, కానీ దాన్ని లఘువు అనుకుంటే నగణమై ఉత్పలమాల కాస్తా చంపకమాలలా కనిపిస్తుంది. పేరు చెప్పేయకుండా పాదంలో అక్షరాలు లెక్కపెట్టమను: ఉత్పలమాలకి 20, చంపకమాలకి 21. మత్తేభానికీ 20 ఉంటాయి గానీ అది సగణంతో మొదలవుతుంది, దాంతో పేచీ లేదు.

సోషల్‌లో పెద్ద ఆన్సర్ల ఫోటోలు వద్దు, పాయింట్లు చెబితే చాలు. మ్యాప్ పాయింటింగ్ మాత్రం పేర్లు లేని మ్యాప్ పెట్టుకుని ఒకరినొకరు అడుక్కోవాల్సిందే.

అన్ని డౌట్లూ క్లాస్ ఫస్ట్ వాడి నెత్తిన వెయ్యకండి, వాడికీ చదువుకోవాలి కదా పాపం. వాడు లెక్కలు చెబితే నువ్వు ఇంగ్లీషులో వాయిస్ మార్చడం చెప్పు. ఎవరికీ రాని ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని ఇంటర్వెల్‌లో ఒకరే వెళ్ళి సార్‌ని అడగండి, వెళ్ళినవాడు ఆ సాయంత్రమే గ్రూపులో అందరికీ చెప్పాలి. రోజుకొకరి వంతు.