చేని గట్టు మీద పిట్టల పాఠాలు – 4: ఒకటే చేను, ఎవరి మేత వాళ్లది

పోయిన పాఠంలో ముక్కును చూసి మేత చెప్పడం నేర్చుకున్నాం. ఈసారి ఇంకో మెట్టు ఎక్కుదాం. ఒకే చేలో నాలుగైదు రకాల పిట్టలు మేస్తుంటే ఎవరు ఎవరికి పోటీ వస్తున్నారో, ఎవరు ఎవరికీ అడ్డం రాకుండా కడుపు నింపుకుంటున్నారో కనిపెట్టాలి.

ఇది ఇంట్లో కూర్చుంటే రాదు, చేలోకి పోవాల్సిందే. మన అనంతపురం వైపు దీనికి మంచి అదను చెనక్కాయ (వేరుశనగ) చేలో గుంటక, అంటే ఎద్దులతో లాగించి కలుపు తీసే పనిముట్టు, తోలే రోజులు. తెల్లారి ఆరున్నరకల్లా గట్టు మీద కూర్చోండి, ఒక నోటు పుస్తకం, పెన్ను చాలు, బైనాక్యులర్స్ లేకపోయినా ఏం ఇబ్బంది లేదు.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల కన్ను పిట్ట వెంటే పోతుంది. అది ఎగిరిపోయిందంటే చూపూ పోయినట్టే. అందుకే ఒక జాగా ఎంచుకోండి, ఎద్దుల చుట్టూ పది అడుగులు అనుకోండి, ఇరవై నిమిషాలు అక్కడి నుంచి కన్ను తీయొద్దు. చూడాల్సింది మేత నోట్లో పడే క్షణం.

మా చిన్నాన్న చేలో నేను రాసుకున్నది చెప్తాను. ఎద్దు కాలు పడిన చోట మిడత ఒకటి లేచింది. ఎద్దు డొక్క పక్కనే నడుస్తున్న తెల్లకొంగ మెడ చాచింది, అందలేదు. మిడత ఇంకో మూరెడు పైకి లేచిందో లేదో, కరెంటు తీగ మీద నుంచి పసులపోలిగాడు అనే నల్లపిట్ట దూసుకొచ్చి గాల్లోనే పట్టుకుని మళ్లీ తీగ మీదికే పోయి, దాన్ని కాలి కింద అదిమిపెట్టి ముక్కలు చేసుకుని తినింది. అదే మిడత నేల మీద ఉన్నంతసేపు కొంగది, లేచిన మరుక్షణం పోలిగాడిది! నాకు ఈ పాఠం బుర్రకెక్కింది ఆరోజే.

గుంటక వెనకాల గోరింకలు మట్టిపెళ్లల సందుల్లో ముక్కు దూర్చి పురుగులు ఏరుకుంటున్నాయి. పాలపిట్ట స్తంభం మీద కదలకుండా కూర్చుని, నేల మీద ఏదైనా పాకితే మాత్రమే దిగుతుంది. పసరికపిట్టది ఇంకో దారి, తేనెటీగను పట్టి కొమ్మకేసి కొట్టి, రుద్ది, కొండి పోయాకే మింగుతుంది. గువ్వలు గుంటక దగ్గరికే రాలేదు, అవతలి గనిమ (గట్టు) పక్కన గడ్డి గింజలు ఏరుకుంటున్నాయి.

ఇప్పుడు పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: ఎవరు, ఎంత ఎత్తులో, ఏం తిన్నారు, ఎలా పట్టారు, ఎవరు ఎవరిని తరిమారు. చివరి గడి మొదట్లో ఖాళీగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు. రెండు మూడు రోజులు రాశాక మిగతా గళ్లతో కలిపి చదవండి. నా పుస్తకంలో తరుముకోవడాలన్నీ దాదాపు ఒకే ఎత్తులో, ఒకే మేత కోసం తిరిగే వాళ్ల మధ్యే ఉన్నాయి. ఒకే తీగ మీద రెండో పోలిగాడు వాలితే మొదటిది ఊరుకోలేదు, పక్కనే పసరికపిట్ట కూర్చుంటే మాత్రం పట్టించుకోలేదు.

ఒక్క మినహాయింపు ఉంది, దొంగతనం. గోరింక పట్టిన పురుగును పోలిగాడు లాక్కోవడం మీరూ చూస్తారు, దానికి 'లాగుడు' అని వేరే గుర్తు పెట్టుకోండి. ఆఫ్రికాలో కలహారి ఎడారిలో ఉండే, మన పోలిగాడికి దగ్గరి చుట్టమైన ఇంకో రకం పోలిగాడు ఇంకా గడుసుది. డేగ వచ్చినట్టు అబద్ధపు కూత కూసి, మిగతావి మేత వదిలి పారిపోతే అది తినేస్తుంది.

మేత తగ్గినప్పుడు ఏమవుతుందో కూడా రాయాలి. పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో 1977లో వానలు లేక కరువొచ్చింది. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు అక్కడి ఫించ్ అనే చిన్న పిట్టల ముక్కులు కొలుస్తూ వచ్చారు. మెత్తని చిన్న గింజలు ముందే అయిపోయాయి, మిగిలినవి పెద్దవి, గట్టివి. వాటిని పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకూ ముక్కులు పెద్దవిగానే వచ్చాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఉంటూ ఇది చదివితే నాకు ఏదో దూరదేశం సంగతిలా అనిపించలేదు. అందుకే ప్రతి పేజీ పైన ఆఖరి వాన ఎప్పుడు పడిందో, చేలో పురుగుమందు ఎప్పుడు కొట్టారో తప్పకుండా రాయండి. మందు కొట్టిన మర్నాడు నా పుస్తకంలో గువ్వల వరుస ఒక్కటే నిండింది.

ఈ వారం పని: ఒకే జాగాలో పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు, మూడు రోజులు. వచ్చే పాఠం సింగనమల చెరువు కట్ట మీద. అక్కడ కాళ్ల పొడవును బట్టి ఎవరు ఎంత లోతు నీళ్లలో మేస్తారో, ఎర్రకాళ్ల కొంగ బురద నీళ్లలో కంటికి కనపడని చేపను సగం తెరిచిన ముక్కుతో తడిమి ఎలా పడుతుందో చూద్దాం. మీ ఐదు గళ్ల పుస్తకం వెంట తెచ్చుకోండి, ఎత్తు గడిని అక్కడ లోతు గడిగా మార్చుకుంటాం.