ఇంగ్లీషు సాహిత్యం పరీక్షకు ముందు జాగ్రత్తలు

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు పేపరుకు 80 మార్కులు, 3 గంటలు. ప్రశ్నపత్రం 10:15కే చేతికొస్తుంది, రాయడం 10:30కి మొదలవుతుంది. మధ్యలో దొరికే ఆ 15 నిమిషాలూ బంగారం. పోల్చమన్నారా, సమర్థించమన్నారా అన్నది అప్పుడే చూసుకోండి.

కథ తిరిగి చెప్పకండి. ఒంగోలులో నా దగ్గర చదివే ఒక అమ్మాయి మొన్న రెండు పేజీలు నింపింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ప్రశ్నలో అడిగింది మాత్రం కథలోని ఒక పాత్ర ఎందుకు మౌనంగా ఉండిపోయిందని! జవాబు చివరి రెండు వాక్యాల్లో దొరికింది. వాటిని పైకి తెచ్చి, పాఠంలోని ఒక సంఘటనను ఆధారంగా చేర్పించాను. అర పేజీలో సరిపోయింది. గైడులోని వ్యాసాలు బట్టీ పట్టిన పిల్లలను చూస్తే నాకు బాధ. ప్రశ్న కాస్త పక్కకు జరిగితే చాలు, వాళ్ల పెన్ను ఆగిపోతుంది.

కవితలోని పంక్తి కచ్చితంగా గుర్తుంటేనే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. లేకపోతే భావం మీ మాటల్లో చెప్పండి.

అడ్మిట్ కార్డు, గుర్తింపు కార్డు, రెండు నీలం పెన్నులు రాత్రే సర్దుకోండి. సింగరాయకొండ, టంగుటూరు వైపు నుంచి ఒంగోలు వచ్చేవాళ్లు ఒక బస్సు ముందే ఎక్కండి. 10 దాటితే లోపలికి రానివ్వరు.